కోప్రినస్‌ని ముక్కలు చేసిందెవరు? పుట్టగొడుగుల పేర్ల మీద నా గోల

సిరాబుడ్డి
రెండేళ్లుగా ఒక పాత పుస్తకం పట్టుకుని పుట్టగొడుగుల పేర్లు నేర్చుకుంటున్నాను. ముసురు పట్టినప్పుడల్లా లెన్సు తీసుకుని బయటికి పోవడం, బొమ్మతో పోల్చుకోవడం, పక్కన టిక్కు పెట్టుకోవడం. అందులో నాకు బాగా ఒంటబట్టింది కోప్రినస్. టోపీ అంచు నుంచి నల్లగా కరిగి సిరాలా కారిపోతే కోప్రినస్, అంతే. నాలుగు జాతులకు టిక్కులు పడ్డాయి.

నిన్న ఒక కొత్త జాబితా చూస్తే నా నాలుగింటిలో కోప్రినస్ కొమాటస్ ఒక్కటే మిగిలింది. మిగతా మూడూ కోప్రినాప్సిస్ అట, కోప్రినెల్లస్ అట, పారసోలా అట. సిరా అదే, కరగడం అదే. రాత్రికి రాత్రి ఇంటిపేర్లు ఎందుకు మారాయి? ఎవరు మారుస్తారు ఇవి? పైగా ఇప్పుడు తడిసిన ఒక మొద్దు మీద ఐదోది గుంపుగా లేచింది. దాన్ని ఏ ఇంటిపేరు కింద రాసుకోవాలో తెలీక ఊరుకున్నాను.

రెండోబెంచి
ఇంటిపేరు మారితే ఏం, సిరా పోలేదుగా.

లెన్సు_మావయ్య
సిరాబుడ్డి గారూ, మీ బాధ నాకు తెలుసు. నా నోటుబుక్కులో సగం కొట్టివేతలే. కానీ ఈ మార్పు ఊరికే చేసింది కాదు. 2001లో కోప్రినస్‌ని విడగొట్టారు. డీఎన్‌ఏ పోల్చి చూస్తే కొమాటస్ పోయి అగారికస్ కుటుంబంలో పడింది, అంటే తెల్ల బటన్ పుట్టగొడుగు ఉన్న కుటుంబంలో. మిగతా సిరా టోపీలు సాతిరెల్లా అనే పెళుసు కాడల గోధుమరంగు వాటి పక్కన చేరాయి. కరిగిపోయే గుణం ఈ రెండు వంశాల్లో విడివిడిగా వచ్చింది. చూడ్డానికి కవలలు, పుట్టింది మాత్రం వేరే ఇళ్లలో.

పాత పేరు కొమాటస్‌కే ఎందుకు దక్కిందంటే, ఆ ప్రజాతికి, అంటే మీరనే ఇంటిపేరుకి, నమూనా జాతి అదే. నమూనా ఎటు పోతే పేరు దాని వెంట పోవాలి, అది నామకరణ నియమం. జనాభా ఎక్కువ ఎటు ఉందని చూడరు.

అనుమానం_అప్పారావు
నేను ఒప్పుకోను. లెన్సు పట్టుకుని వంగి చూసేవాడికి డీఎన్‌ఏ దేనికి? ఆకారం చూసి పేరు చెప్పగలగాలి, అప్పుడే ఆ పేరుకి పని. కంటికి కనపడని దాన్ని బట్టి గుంపులు కడితే అది వాళ్ల ల్యాబు కోసం కట్టుకున్న వర్గీకరణ, మన కోసం కాదు.

తంతువు
అప్పారావు గారూ, ఇక్కడ కంటికి కనపడకపోయినా ఒంటికి తెలిసే తేడా ఒకటి ఉంది. కోప్రినాప్సిస్ అట్రమెంటేరియాలో కోప్రిన్ అనే పదార్థం ఉంటుంది. అది తిన్నాక మందు తాగితే ఒంట్లో ఆల్కహాల్ విరిగే దారి మధ్యలో ఆగి అసిటాల్డిహైడ్ పేరుకుపోతుంది. మొహం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు. మందు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ చేసేదీ ఇదే. కొమాటస్‌లో ఈ కోప్రిన్ లేదు. పాత పుస్తకంలో రెండూ ఒకే ఇంటిపేరుతో పక్కపక్కన ఉండేవి. విడగొట్టాక ఎవరు ఎవరో తెలిసింది కదా.

రెండోబెంచి
అంటే మందుబాబులకి వర్గీకరణ శాస్త్రం తప్పనిసరి సబ్జెక్టు అన్నమాట.

సిరాబుడ్డి
కోప్రిన్ సంగతి నాకు తెలీదు, బాగుంది. కానీ విడివిడిగా వచ్చిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. తనని తానే కరిగించుకోవడం ఎంత వింత పని! అలాంటిది ఒకసారి పుట్టడమే గొప్ప, రెండుసార్లా?

తంతువు
అది ఎందుకు కరుగుతుందో తెలిస్తే అంత వింతగా ఉండదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

టోపీ కింద మడతలు ఉంటాయి కదా, మొప్పలు అంటాం. వాటి ఒంటి నిండా బెసీడియం అనే సూక్ష్మమైన గదలు, ఒక్కో గద నెత్తిన సాధారణంగా నాలుగు స్పోర్లు, అంటే విత్తనాల పని చేసే సూక్ష్మమైన కణాలు. స్పోర్ అడుగున ఒక నీటి బొట్టు ఊరుతుంది. అది పెరిగి పెరిగి స్పోర్ ఒంటిమీద ఉన్న పల్చటి నీటి పొరను తాకగానే రెండూ కలిసిపోతాయి. ఆ కుదుపుకి స్పోర్ ఎగిరి అవతలికి దూకుతుంది. గురుత్వాకర్షణకి వేల రెట్ల వేగవృద్ధి, కానీ పోయేది మిల్లీమీటరు కూడా కాదు. రెండు మొప్పల మధ్య ఖాళీలోకి వచ్చి ఆగి, నిలువునా కిందికి రాలి గాలిలో పడుతుంది. ఈ బొట్టుని ఇప్పటికీ బుల్లర్ బొట్టు అనే పిలుస్తారు, దాన్ని ఓపిగ్గా గమనించిన రెజినాల్డ్ బుల్లర్ పేరు మీద.

మామూలు పుట్టగొడుగులో మొప్ప కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది, కాబట్టి రాలే స్పోర్‌కి దారి దొరుకుతుంది. సిరా టోపీల్లో మొప్పలు పల్చగా, కాగితాల కట్టలా దగ్గర దగ్గరగా, మందం మారకుండా ఉంటాయి. పైన రాలినవి కిందికొచ్చేలోపు పక్క గోడకి అంటుకుపోవాలి. అందుకని ఇది మొప్పను అంచు నుంచి పండించుకుంటూ వస్తుంది. కింది వరస స్పోర్లు ఎగిరిపోగానే ఆ ఖాళీ అయిన పట్టీని సొంత ఎంజైములతోనే అరిగించేస్తుంది. తర్వాతి వరసకి దారి తెరుచుకుంటుంది. ఖాళీ అయిన అంతస్తుని కూల్చుకుంటూ పైకి పోవడం లాంటిదన్నమాట. కారే సిరా ఆ కూల్చిన గోడ, అందులో ఎగరలేక మిగిలిపోయిన స్పోర్ల నలుపు. సిరాతో స్పోర్లు వెదజల్లుతుంది అనుకుంటారు చాలామంది. చాలా వరకు గాలిలోనే పోతాయి.

ఇక మీ అనుమానానికి: పల్చటి మొప్పలు దగ్గరగా పెట్టుకుంటే చిన్న టోపీలో ఎక్కువ స్పోర్లు పడతాయి, ఆ ఇరుకు నుంచి బయటపడే ఉపాయం ఇదొకటి. అవసరం ఒకటైనప్పుడు రెండు ఇళ్లలోనూ ఒకే ఉపాయం తట్టింది.

చిన్ని_సందేహం
ఇంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు. సేవ్ చేసుకున్నాను.

లెన్సు_మావయ్య
తంతువు గారికి దండం. ఒక చిన్న సవరణ సిరాబుడ్డి గారి మొదటి పోస్టుకి. పారసోలా అసలు సరిగ్గా కరగదు, ముడుచుకుని వాడిపోతుంది. కోప్రినెల్లస్‌లో డిస్సెమినేటస్ అని గుంపులు గుంపులుగా లేచే బుల్లిది ఉంది, అదీ కరగదు. కాబట్టి సిరా కారిస్తేనే కోప్రినస్ అన్న మీ పాత సూత్రం పాత పుస్తకంలో కూడా పూర్తిగా నిలిచేది కాదు.

సిరాబుడ్డి
నిజమే, పారసోలాకి టిక్కు పెట్టేటప్పుడు కొంచెం కళ్లు మూసుకున్నాను.

గడ్డిపోచ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీరంతా ఇంటిపేర్ల మీద కొట్టుకుంటున్నారు, నాది ఇంకా కింది మెట్టు. బళ్లో మేం చదివింది పుట్టగొడుగు అంటే పత్రహరితం లేని మొక్క అని. ఇప్పుడు మా వాడి పుస్తకంలో మొక్కే కాదని ఉంది. ఎప్పుడు మారింది ఇది?

లెన్సు_మావయ్య
1969లో విటాకర్ అయిదు రాజ్యాల పద్ధతి చెప్పినప్పుడు శిలీంధ్రాలకి సొంత రాజ్యం వచ్చింది. అంతకుముందు లిన్నేయస్ కాలం నుంచీ మొక్కల్లోనే కలిపేవారు. కదలవు, నేలలోంచి లేస్తాయి, ఇంకేం కావాలి అనుకున్నారు. మా తరానికి థాలోఫైటా అని ఒకటి ఉండేది, అందులో శైవలాలూ (నాచులు) శిలీంధ్రాలూ అన్నీ కలిపి కుక్కేవారు.

తంతువు
మొక్క కణానికి గోడ సెల్యులోజ్. శిలీంధ్రానికి కైటిన్, పీతల పెంకులోనూ బొద్దింక ఒంటిమీదా ఉండేది. మొక్క దాచుకునేది పిండిపదార్థం, ఇది దాచుకునేది గ్లైకోజెన్, మన కాలేయంలో ఉండేదే. ఆహారం తయారు చేసుకోదు. ఎంజైములు బయటికి వదిలి, అక్కడే అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. మనం తిని అరిగించుకుంటాం, ఇది అరిగించుకుని తింటుంది.

రెండోబెంచి
బొద్దింకకి తమ్ముడు, కాలేయానికి బావమరిది.

అనుమానం_అప్పారావు
ఇదిగో, ఇక్కడ నుంచే "పుట్టగొడుగు మనిషికి దగ్గరి చుట్టం" అని ఊదరగొట్టే పోస్టులు పుడతాయి. రెండిట్లో కైటిన్ ఉన్నంత మాత్రాన చుట్టరికం వచ్చేస్తుందా? ఇందాక సిరా విషయంలో "చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు" అన్నారు. మరి ఇక్కడ పోలికని సాక్ష్యం కింద ఎలా తెస్తున్నారు? ఎటు వీలైతే అటు మాట్లాడితే ఎలా?

తంతువు
మంచి దెబ్బ వేశారు. ఒప్పుకుంటున్నాను, కైటిన్ ఒక్కటే చాలదు. అసలు సాక్ష్యం వేరే. జన్యువులు, ప్రొటీన్ల వరసలు పోల్చిన పని 1993 నుంచీ జంతువులూ శిలీంధ్రాలూ ఒకే కొమ్మ నుంచి చీలాయని చెబుతోంది. ఆ కొమ్మ పేరు ఒపిస్తోకాంటా, అంటే వెనక తోక ఉన్నవి. కైట్రిడ్ అనే నీటి శిలీంధ్రాల స్పోర్లు వెనక ఒకే ఒక్క కశాభంతో, అంటే తోకలాంటి పోగుతో, ఈదుతాయి. మగ బీజకణం ఈదేదీ అలాగే, తోక వెనక పెట్టుకుని. పుట్టగొడుగులు నేల మీదికొచ్చి ఆ తోక వదిలేశాయి.

కానీ "దగ్గరి చుట్టం" అంటే మొక్కలతో పోలిస్తే దగ్గర అని మాత్రమే. ఆ ఉమ్మడి తాత ఒంటి కణం జీవి, వంద కోట్ల ఏళ్ల కిందటి మాట.

అనుమానం_అప్పారావు
ఆ తోక సంగతి బాగుంది. ఇది ఒప్పుకుంటాను. సిరా సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

చిన్ని_సందేహం
కైట్రిడ్ అంటే కప్పల్ని చంపేదేనా?

తంతువు
ఆ గుంపులో ఒకటి. బాట్రకోకైట్రియం. చర్మంలో చేరుతుంది. కప్ప చర్మంతో నీళ్లూ లవణాలూ సర్దుకుంటుంది కాబట్టి అది దెబ్బతింటే గుండె ఆగిపోతుంది. 1999లో పేరు పెట్టారు.

మట్టివాసన
మొక్కల జబ్బులు చూసేవాళ్ల వైపు నుంచి ఒక మాట. బూజు తెగులు, బూడిద తెగులు, రెండూ ఆకు మీద తెల్లగా పొడిలా కనపడతాయి, పేర్లు కూడా ఒక్క అక్షరం తేడా అన్నట్టు ఉంటాయి. బూడిద తెగులు అసలైన శిలీంధ్రం. బూజు తెగులు తెచ్చేవి అసలు శిలీంధ్రాలే కావు! ఊమైసీట్లు. తంతువులు ఉంటాయి, స్పోర్లు ఉంటాయి, కానీ కణగోడ ప్రధానంగా సెల్యులోజ్, చుట్టరికం గోధుమరంగు సముద్రపు నాచులతోనూ, డయాటమ్‌లు అనే ఒంటి కణం నాచులతోనూ. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటని ఊడ్చేసి కరువు తెచ్చిన ఫైటాఫ్తోరా ఈ గుంపుదే. శిలీంధ్రాల కోసం చేసిన మందుల్లో కొన్ని వీటి మీద పనిచేయవు. శిలీంధ్రాల కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ తయారీని అడ్డుకునే మందు కొడితే ఏం లాభం, ఇవి ఆ ఎర్గోస్టెరాల్ తయారే చేసుకోవు. కాబట్టి అప్పారావు గారూ, కంటికి కనపడని తేడా ల్యాబుకే పరిమితం కాదు.

అనుమానం_అప్పారావు
మూడు వైపుల నుంచి పడుతున్నారు నా మీద.

కుక్కగొడుగు
భాష సంగతి ఎవరూ ఎత్తలేదే. పుట్టగొడుగు అనే మాటలోనే ఒక వర్గీకరణ ఉంది చూశారా? పుట్ట మీద లేచే గొడుగు. చెదపుట్టల్లోంచి లేచేది టెర్మిటోమైసెస్. చెదలు లోపల దాన్ని పెంచుతాయి. నమిలిన కర్రా ఆకులూ తేనెపట్టులా పేర్చి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని సాగు చేసి, మెత్తబడ్డాక తింటాయి. అదను చూసుకుని అది పొడవాటి వేరులాంటి కాడతో మట్టిని చీల్చుకుని పైకొస్తుంది. ఆ వేరులాంటి దాన్ని పట్టుకుని తవ్వుకుంటూ పోతే పుట్టలోపలికే దారి తీస్తుంది. ఆఫ్రికాలో టైటానికస్ అనే జాతికి టోపీ దాదాపు మీటరు వెడల్పు ఉంటుంది.

మనవాళ్లు ఒక్క ప్రజాతిని చూసి పెట్టిన పేరు మొత్తం అన్నిటికీ అంటుకుంది. ఇక కుక్కగొడుగు, అంటే నేను, నమ్మకం లేని వాటన్నిటికీ కలిపి పెట్టిన పేరు. దానికి శాస్త్రం ఏమీ లేదు, చిన్నచూపు తప్ప.

సిరాబుడ్డి
ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక రాయడంలో లాటిన్ పేర్లు మన పద్ధతే అని సంబరపడేవాణ్ని. ఇప్పుడు పుట్ట కూడా మనదే.

గడ్డిపోచ
మరి గొడుగు ఆకారం లేనివి? నాకు తోటలో గుండ్రటి తెల్ల బంతి దొరికింది, కాలితో తంతే పొగ లేచింది.

లెన్సు_మావయ్య
పఫ్‌బాల్. తన్నడం దానికి సాయం చేయడమే, వాన చినుకు పడ్డా అదే పని. ఇలా స్పోర్లని కడుపులో దాచుకునేవాటిని అన్నిటినీ గాస్టెరోమైసీట్స్ అని ఒక తరగతిలో పెట్టేవారు. ఆ తరగతి ఇప్పుడు లేదు. పఫ్‌బాల్ బటన్ పుట్టగొడుగు కుటుంబంలోకి, నక్షత్రంలా విచ్చుకునే ఎర్త్‌స్టార్ ఇంకో చోటికి, ఎటువాళ్లు అటు వెళ్లిపోయారు. ఇందాక చెప్పిన బుల్లరే ఒక పెద్ద పఫ్‌బాల్‌లో స్పోర్లు లెక్కగట్టి ఏడు లక్షల కోట్లు అన్నాడు.

గొడుగు అనేది ఆకారం, వంశం కాదు. రస్సులా అని సుద్దముక్కలా పుటుక్కున విరిగేది ఉంది, చూడ్డానికి అచ్చమైన గొడుగు. కానీ దాని దగ్గరి బంధువుల్లో కర్రకి పెచ్చులా అంటుకునేవీ, కింద మొప్పల బదులు పళ్లలాంటివి వేలాడేవీ ఉన్నాయి.

చిన్ని_సందేహం
నాదో కేసు. స్పోర్ ప్రింట్ తీద్దామని టోపీ కోసి తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూత పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే ఏమీ లేదు. మూడుసార్లు చేశాను. చచ్చు పుట్టగొడుగు అనుకుని పారేశాను. తర్వాత తెలిసింది, దాని స్పోర్లు తెలుపట.

రెండోబెంచి
😂😂 తెల్ల గోడ మీద సున్నంతో పేరు రాసి వెతుక్కున్నట్టు.

లెన్సు_మావయ్య
నవ్వకండి, మనలో చాలామంది చేసిన పనే. సగం నలుపు సగం తెలుపు కాగితం పెట్టండి. స్పోర్ రంగు ఇప్పటికీ మంచి ఆధారమే. 1821లో ఎలియాస్ ఫ్రీస్ మొప్పలున్న వాటిని స్పోర్ రంగుని బట్టే గుంపులు కట్టాడు, నూటయాభై ఏళ్లకి పైగా అదే నడిచింది. అప్పారావు గారికి నచ్చే పద్ధతి. గుర్తుపట్టడానికి పనికొస్తుంది, వంశం చెప్పడానికి చాలదు, అంతే తేడా. క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనేది లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగా ఉంటాయి, ప్రింట్ తీస్తే ఆకుపచ్చ. తిని ఆసుపత్రి పాలయ్యేవాళ్లలో ఎందరో దీన్ని మంచిదనుకున్నవాళ్లే.

వానచుక్క
ఒక ఫోటో పెట్టాను చూడండి. తెల్లటిది, కాడకి ఉంగరం, అడుగున గుడ్డు పెంకులాంటి సంచి. తినొచ్చా?

తంతువు
వద్దు. ఫోటో చూసి తినొచ్చు అని చెప్పేవాళ్ల మాట ఎక్కడా వినకండి, నా మాటతో సహా. తెల్ల స్పోర్లు, ఉంగరం, అడుగున సంచి మూడూ కలిస్తే అమనిటా అని అనుమానించాలి. అమనిటా ఫాలాయిడిస్‌లో ఉండే అమటాక్సిన్లు జన్యువుల్ని చదివే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2ని పట్టేసుకుంటాయి. కణం కొత్త ప్రొటీన్లు చేసుకోలేదు. ఉడికించినా వేయించినా ఆ విషం పోదు. తిన్న ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ తెలీదు. తర్వాత వాంతులు విరేచనాలు, మధ్యలో ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది, ఆలోపల కాలేయం పాడైపోతూ ఉంటుంది. వెండి చెంచా నల్లబడటం, పురుగులు తింటే మనమూ తినొచ్చు అనడం, ఇవన్నీ ఉత్త మాటలు.

వానచుక్క
తినలేదండీ, అడిగాను అంతే. ఫోటో తీసేసి చేతులు కూడా కడుక్కున్నాను.

తంతువు
ముట్టుకుంటే ఏమీ కాదు, కడుపులోకి పోతేనే. అడగడం మంచిదే.

గడ్డిపోచ
నిన్న లేనిది పొద్దునకి జానెడు ఎత్తు ఎలా లేస్తుందో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

కుక్కగొడుగు
పొద్దున పుట్టింది కాదది. అసలు జీవి మట్టిలోనో కర్రలోనో తంతువుల వలలా ఎప్పటినుంచో ఉంటుంది. గొడుగు దాని కాయ లాంటిది. గుండీ దశలోనే టోపీ, కాడ, మొప్పలు చాలా వరకు సిద్ధమైపోతాయి. తడి తగలగానే కణాలు నీళ్లు పీల్చుకుని సాగుతాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో ఆర్మిలేరియా అనే శిలీంధ్రం వల ఒక్కటే 965 హెక్టార్లు పరుచుకుని ఉంది, వయసు రెండు వేల ఏళ్లకి పైనే అని అంచనా. పైన చూస్తే శరత్కాలంలో నాలుగు గొడుగులు.

రెండోబెంచి
"పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అనేవాళ్లకి ఈ పోస్టు చూపించాలి. రెండు వేల ఏళ్లు తెర వెనక పని చేశాక పుట్టుకొచ్చాయని.

మట్టివాసన
పేర్ల గోల మీద ఇంకోటి. ఒకే శిలీంధ్రానికి రెండు పేర్లు ఉండే కాలం ఉండేది. లైంగిక దశకి ఒకటి, అలైంగిక దశకి ఒకటి. ఎమెరిసెల్లా నిడ్యులన్స్, ఆస్పర్‌జిల్లస్ నిడ్యులన్స్ ఒకటే జీవి. లైంగిక దశ దొరకనివాటిని డ్యూటెరోమైసీట్స్ అని అనాథల్లా ఒక మూల పడేసేవారు. 2013 జనవరి 1 నుంచి ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని నియమం అమల్లోకి వచ్చింది. కాబట్టి మార్పులన్నీ చిక్కు పెంచేవే కావు, ఇది తగ్గించింది.

చిన్ని_సందేహం
లైంగిక దశ అంటే వీటిలో ఆడా మగా ఉంటాయా?

తంతువు
ఆడా మగా అని కాదు, జత కుదిరే రకాలు. స్కైజోఫిల్లం కమ్యూన్ అని ఎండుకర్రల మీద విసనకర్రలా ఉండేది, మొప్పలు మధ్యకి చీలి ఉంటాయి. దాంట్లో అలాంటి రకాలు ఇరవై వేలకి పైనే. తనది కాని రకం దాదాపు ఏదైనా జతే.

రెండోబెంచి
ఇరవై వేలా. నాకు ఇద్దరు ముగ్గురు చూసేసరికే సరిపోయింది.

సిరాబుడ్డి
నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. మొద్దు మీది ఐదోది చిన్ని_సందేహం గారి గిన్నె పద్ధతిలో ప్రింట్ తీశాను, సగం నలుపు కాగితంతోనే. నల్లటి గోధుమరంగు వచ్చింది. టోపీ తేనెరంగు, మీద పొట్టులాంటి పలుకులు, అంచు గీతలు గీతలుగా ఉంది. సాయంత్రానికి అంచు కరగడం మొదలైంది.

లెన్సు_మావయ్య
కోప్రినెల్లస్ వైపే ఉంది. కాడ మొదట్లో, చుట్టుపక్కల కర్ర మీద తుప్పురంగులో నూగు ఏమైనా ఉందా?

సిరాబుడ్డి
ఉంది! చాపలా పరుచుకుంది. నారింజ రంగు. అది వేరే బూజు అనుకుని గీకి పారేయబోయాను.

లెన్సు_మావయ్య
గీకకండి, అది దాని శిలీంధ్రజాలమే. ఓజోనియం అంటారు. అయితే కోప్రినెల్లస్ డొమెస్టికస్ గానీ రాడియన్స్ గానీ. ఆ రెండిట్లో ఏదో చెప్పాలంటే మైక్రోస్కోపు కింద స్పోర్లు కొలవాలి, రాడియన్స్‌వి కొంచెం పెద్దవి. మీ పాత పుస్తకంలో ఇవే సొంత పేర్లతో కోప్రినస్ కింద ఉంటాయి, చూడండి.

సిరాబుడ్డి
ఉన్నాయి, ఎదురెదురు పేజీల్లో. మైక్రోస్కోపు దొరికేదాకా రెండిటికీ సగం సగం టిక్కు పెట్టాను.

అనుమానం_అప్పారావు
ఆ నారింజ చాప కంటికి కనపడింది కదా. అదే నేను మొదటినుంచీ చెప్పేది.

తంతువు
స్పోర్ కొలత కనపడలేదుగా మరి 🙂